ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు

అమలాపురం గడియార స్తంభానికి నాలుగడుగుల అవతల, బట్టల కొట్టు మీది రెండో అంతస్తులో పద్నాలుగు మంది కూర్చుని పరాయి దేశాల కంపెనీల లెక్కలు తిరగరాస్తుంటారు. కింద కొట్టులో గుమాస్తాలు చీర విప్పి చూపించి మళ్ళీ తమ మడతలోకి తెస్తారు. పైన జరిగేదీ ఇంచుమించు అదే. పోలండులో సీసాల కంపెనీ తన లెక్కలు ఒకలా రాసుకుంటుంది, కొరియాలో ఓడల కంపెనీ ఇంకోలా రాసుకుంటుంది. వాళ్ళకి అప్పిచ్చే బ్యాంకుకి మాత్రం ప్రపంచమంతా తన పట్టికలోనే, తన వరసలోనే కనబడాలి. ఆ విప్పి మడతపెట్టే పనికి బ్లెస్సీ కుదిరి నాలుగేళ్ళయింది. ఊళ్ళో ఎవరైనా పిల్ల ఏం చేస్తోందని అడిగితే వాళ్ళమ్మ బ్యాంకులో అని చెబుతుంది. అది నిజం కాదని వివరించడానికి అరగంట పడుతుంది కాబట్టి బ్లెస్సీ ఊరుకుంటుంది.

పట్టిక అడుగున ఒక గడి ఉంటుంది. ఆస్తులు ఒక పక్కా, అప్పులూ వాటాదార్ల సొమ్మూ ఇంకో పక్కా చేరాక తేడా వచ్చి అందులో పడుతుంది. సున్నా అయితే గడి ఆకుపచ్చగా మారుతుంది. ఆ పచ్చరంగు కోసమే ఈ పద్నాలుగు మందికీ నడుం నొప్పులు. పని చేసే గదిలోకి ఫోను తేకూడదు, కాగితం తేకూడదు, ఆఖరికి పెన్ను కూడా తేకూడదు. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ ట్రేలో అన్నీ వదిలేసి వట్టి చేతులతో లోపలికి రావాలి. చూసింది ఏదీ బయటికి పోనివ్వనని అందరూ చేరిన రోజునే సంతకం పెట్టారు.

నవంబరు మూడో సోమవారం బ్లెస్సీ ముందుకి వచ్చిన ఫైలు మీద సఫ్వాన్ బహార్ అని పేరుంది. గల్ఫ్ కంపెనీ. సముద్రంలో జెట్టీలు కడుతుంది, నీళ్ళ అడుగున గొట్టాలు పరుస్తుంది. ఆ పేరు చదివి బ్లెస్సీ మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆరేళ్ళ కిందట అదే పేరుని ఒక కవరు మీద గుండ్రటి అక్షరాల్లో తనే రాసింది. కింద స్కేలు పెట్టి గీత కూడా గీసింది.

పని పనే అని తనకి తాను చెప్పుకుని మొదలుపెట్టింది. నగదు నగదులోకి వెళ్ళింది. సామాను మోసే బార్జీ పడవలూ క్రేన్లూ యంత్రాల వరసలోకి వెళ్ళాయి. ఉద్యోగులకి ఇవ్వవలసినవి దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఒకచోట కుదరలేదు. పంతొమ్మిదో వివరణ చూడమని ఉంది. చూసింది. 'మరణించిన ఉద్యోగుల బకాయిలు, ఎవరూ అడగనివి' అని ఒక మొత్తం, దాని వెనక విడిగా ఒక జాబితా. మామూలుగా ఇలాంటి జాబితాలు రావు. బ్యాంకువాళ్ళు ఏదో తవ్వి అడిగి ఉంటారు, కంపెనీవాళ్ళు ఉన్నదున్నట్టు పంపేసి ఉంటారు. పదకొండు పేర్లు. ఏడో పేరు గంగరాజు. పని, రిగ్గరు, క్రేనుకి బరువులు కట్టేవాడు. దేశం, ఇండియా. చేరింది రెండువేల ఎనిమిది. బార్జీ మీంచి సముద్రంలో పడి మృతి, 2019 డిసెంబరు 11. వారసులు తెలియలేదు. ఆ పక్కన అక్కడి డబ్బులో ఒక మొత్తం. మన రూపాయల్లో పద్దెనిమిది లక్షల చిల్లర ఉంటుంది.

దానం పెదనాన్న సర్టిఫికెట్ పేరు గంగరాజు.

మామిడికుదురు దగ్గర వాళ్ళ పేటలో చాలా ఇళ్ళలో అంతే. బడికీ, కాలేజీ సీటుకీ, పాస్‌పోర్టుకీ ఒక పేరు. చర్చికీ, పెళ్ళికీ, సమాధి రాయికీ ఇంకో పేరు. ఒక పేరు చెల్లే చోట రెండోది ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే చిన్నపిల్లలకి కూడా తెలుసు. పక్కింటి పెదనాన్నని బ్లెస్సీ ఊహ తెలిసినప్పటినించీ దానం పెదనాన్న అనే పిలిచింది. గంగరాజు అని పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవారు కారేమో.

ఆయన పడిపోయాడట అని రాజోలు బుల్లబ్బాయి ఫోను చేసి చెప్పాడు. బుల్లబ్బాయి ఉన్నది వేరే బార్జీ, అతను విన్నది ఇంకెవరో అంటే. శవం దొరకలేదు. కంపెనీ నించి కబురు లేదు. నెల చూసి, ఆయన భార్య సూరమ్మ పెద్దమ్మ కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బ్లెస్సీ వాళ్ళింటికి వచ్చింది. బ్లెస్సీ అప్పుడు బీకాం చదువుతోంది, పేటలో ఇంగ్లీషు రాసే చెయ్యి అదొక్కటే. చర్చి ఇచ్చిన పెళ్ళి కాగితం, రేషను కార్డు, రెంటిలోనూ దానం అనే ఉంది. పాస్‌పోర్టు నకలు ఇంట్లో లేదు. కంపెనీలో ఆయన్ని గంగరాజు అంటారమ్మా, అది కూడా రాయమని పెద్దమ్మ రెండుసార్లు చెప్పింది. బ్లెస్సీ ముందు పెన్సిలుతో రాసింది కూడా. తరవాత పెద్ద ఆరిందాలా ఆలోచించి, రెండు పేర్లుంటే అనుమానపడి తిప్పి పంపేస్తారు పెద్దమ్మా అని, గంగరాజు మీద రబ్బరు పెట్టి చెరిపేసింది. రబ్బరు పొడిని ఊదేసి, నీటుగా దానం అని ఒక్క పేరే సిరాతో దిద్దింది.

మార్చిలో జవాబు వచ్చింది. ఆ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచేయలేదు, కాబట్టి మరణించే ప్రశ్న లేదు అని రెండే వాక్యాలు. బ్లెస్సీ వీధిలో నిలబడి అందరికీ వినబడేలా చదివి తెలుగులో చెప్పింది. శవాన్నీ ఇవ్వక, ఇప్పుడు మనిషే లేడంటారా అని పేట పేటంతా ఆ కంపెనీకి శాపనార్థాలు పెట్టింది. పది రోజులకి కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. ఆ రబ్బరు సంగతి బ్లెస్సీకి అడపాదడపా గుర్తొచ్చేది. ఎగ్గొట్టాలనుకున్నవాడికి ఏ పేరయితే ఏమిటని సర్దిచెప్పుకునేది. నిజానికి అది సర్దుకుంది కూడా.

ఇప్పుడు ఆ సర్దుబాటు కళ్ళముందు విప్పుకుపోయింది. కంపెనీ ఎగ్గొట్టలేదు. ఆ తారీకున పడిపోయిన మనిషి ఎవరో, ఈ ఉత్తరం ఏ ఊళ్ళోంచి వచ్చిందో ఒక్క గుమాస్తా పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోయేది. చూడలేదు, అది వాళ్ళ పాపం. కానీ డబ్బు మాత్రం తీసి పక్కన పెట్టారు. ఆరేళ్ళుగా పేట పెట్టిన తిట్లన్నీ అడ్రసు మార్చుకుని బ్లెస్సీ కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

వివరణ ఆఖర్న చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. 2025 డిసెంబరు 31 లోగా వారసులెవరూ రాకపోతే ఈ మొత్తాన్ని కంపెనీ ఆదాయంలో కలుపుకుంటామని.

సాయంత్రం ఆమె శివప్రసాద్ గారి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆఫీసు ఆయనదే. హైదరాబాదులో ఇరవయ్యేళ్ళు ఇదే పని చేసి, ఊళ్ళో కొబ్బరి తోట చూసుకుంటూ బతకొచ్చని వచ్చి, తోట కాకుండా ఇది చూసుకుంటున్నాడు. పద్నాలుగు మంది చేసిందీ ఆయన కళ్ళ కిందనించి వెళ్ళాలి. పంతొమ్మిదో వివరణని ఏ వరసలో పెట్టమంటారని బ్లెస్సీ అడిగింది. ఆయన తెర మీదికి వంగి మొత్తం చూశాడు, జాబితా చూడలేదు. మొత్తం అప్పుల్లో అర శాతం కూడా లేదు, ఇతర చెల్లింపుల్లో వేసెయ్యమన్నాడు. వచ్చే ఏడు దాన్ని ఆదాయంగా చూపిస్తే అప్పుడు తీసి పక్కన పెడదాం, వాళ్ళు సంపాదించిన సొమ్ము కాదు కదా అన్నాడు.

బ్లెస్సీ కదల్లేదు. ఆయన కళ్ళజోడు తీసి ఆమె మొహం వైపు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆ జాబితాలో మీవాళ్ళెవరైనా ఉన్నారా అని నేను అడగనమ్మా. అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను పైకి రాయాలి."

"ఆయ్, సరేనండి."

"ఫైలు బుధవారం వెళ్ళాలి," అని ఆయన ఇంకో తెర తెరుచుకున్నాడు. మంచివాడే. మంచితనంలో అంతకంటే ముందుకి వెళ్ళే దారి ఆయనకి తెలియలేదు.

ఆమె తిరిగి వచ్చి పదకొండు మందిని ఇతర చెల్లింపుల్లో కలిపింది. ఆడిటు ఫీజు, కరెంటు బకాయి, చెట్లు పెంచే కాంట్రాక్టు, వాటి పక్కన వాళ్ళూ సర్దుకున్నారు. గడి ఆకుపచ్చగా మారింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె ఆ రంగు మీంచి చూపు తిప్పుకుంది. గంగరాజు ఉద్యోగి నంబరు ఇరవైవేల ఏడువందల నలభై ఆరు. రాసుకోవడానికి కాగితం లేదు. మెట్లు దిగుతూ, ట్రేలోంచి ఫోను తీసుకుంటూ, బస్సు ఎక్కుతూ పెదాలు కదిలించి అదే నంబరు చెప్పుకుంది.

బోడసకుర్రు వంతెన ఎక్కేటప్పుడు వెనక సీట్లోంచి ఎవరో గంగరాజూ అని కేకేశారు. బ్లెస్సీ ఉలిక్కిపడి లేచి నిలబడింది. ముందు తలుపు దగ్గర టిఫిను క్యారేజీ పట్టుకున్న కుర్రవాడు వెనక్కి తిరిగి చూశాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. కింద వైనతేయ పాయ నిండుగా, కదలనట్టుగా ఉంది. ఆమె వంతెన దాటేదాకా నీళ్ళ వైపు చూడలేదు.

పేటలోకి వచ్చేసరికి సూరమ్మ తన ఇంటి చూరు కింద కొబ్బరి ఈనెలు తీస్తోంది. మట్ట నించి ఆకు దూసి, మొదట్లో చాకు ఆనించి ఒక్క లాగు లాగితే ఆకు ఒక పక్కకీ ఈనె ఒక పక్కకీ వెళుతుంది. రోజుకి పది చీపుర్లకి సరిపడా తీస్తుంది. మోకాళ్ళు నొప్పి కాబట్టి కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటుంది. ఎప్పటిలా చేతులకి నిండా గాజులున్నాయి. వితంతు పింఛనుకి కాగితం పెట్టమని సచివాలయం నించి రెండుసార్లు వచ్చినా వాళ్ళని గుమ్మం ఎక్కనివ్వలేదు. నెలనెలా వచ్చే డబ్బు కాదనుకుంటోందంటే ఎంత పౌరుషమో అని పేటలో చెప్పుకుంటారు. బ్లెస్సీ కూడా అలాగే అనుకునేది.

"వచ్చేవామ్మా? మొహం అలా ఉందేంటి, తలనెప్పా?"

కొంచెం అని బ్లెస్సీ అంది. పెద్దమ్మ లేచి టీ పెట్టబోయింది. వద్దని చెప్పి ఆమె పక్కన కూర్చుని ఈనెలు సమంగా పేర్చడం మొదలుపెట్టింది. చెప్పాలనుకున్న మాట నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. ఇంటి రేకు మీద టార్పాలిను చిరిగి వేలాడుతోంది. పద్దెనిమిది లక్షలుంటే ఈ ఇల్లు ఎలా ఉండేదో, ఆ మోకాళ్ళకి కాకినాడలో ఆపరేషను అయిపోయి ఉండేదో, అన్నీ లెక్క వేసుకుంది. పెద్దమ్మ మాత్రం ఎదురింటి మేక తప్పిపోయిన సంగతి మొదలుపెట్టి, మేక దొరికేదాకా తీరిగ్గా చెప్పింది.

మంగళవారం ఆమె పాత ఏళ్ళ లెక్కలు తెరిచింది. పోల్చి చూడడానికి అవి ఎప్పుడూ ఫైలుతోనే ఉంటాయి. ఇదివరకు ఇంకెవరో తిరగరాసినవి. మొదటి ఏడు ఆ వివరణలో పద్నాలుగు మంది ఉన్నారు. తరవాతి ఏడు పదమూడు. ఎవరో ఒక తల్లో భార్యో సరైన పేరుతో ఉత్తరం రాసుకుని తనవాణ్ణి తీసుకుపోయింది. ఆ తరవాత పన్నెండు, పదకొండు. మిగిలినవాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారు. తను డిగ్రీ పూర్తి చేసిన ఏడు గంగరాజు ఉన్నాడు. ఉద్యోగంలో చేరిన ఏడూ ఉన్నాడు. తను పేటలో పదిమందికి ఫారాలు నింపి, బ్లెస్సీ రాస్తే తిరుగుండదు అనిపించుకున్న ప్రతి ఏడూ ఆయన ఆ పేజీలో ఉండి, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తున్నాడు. ఆమె బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. బయటికి వచ్చి మొహం తుడుచుకుని మిగిలిన వరసలు నింపింది. బుధవారం మధ్యాహ్నం ఫైలు వెళ్ళిపోయింది.

గురువారం సెలవు పెట్టింది. అర్జీ మళ్ళీ పంపాలంటే గంగరాజూ దానమూ ఒక్కరేనని ఏదో ఒక కాగితం చెప్పాలి, దాని మీద తహసీల్దారు ముద్ర పడాలి. చర్చిలో ఎబినేజర్ అయ్యగారు కిటికీ దగ్గర బల్ల మీద ఆదివారం పాటల నంబర్లు రాసుకుంటున్నారు. బ్లెస్సీ ఎలా తెలిసిందో చెప్పకుండా, తెలిసింది మాత్రం చెప్పింది. ఆయన ఇంకేమీ అడగలేదు. బీరువాలోంచి పాత బాప్తిస్మం రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, తొంభై ఆరో సంవత్సరం పేజీలు తిప్పారు. గంగరాజు, వయసు ఇరవై నాలుగు, దానం అను పేరు పెట్టబడినది. రెండు పేర్లూ ఒకే గీత మీద ఉన్న కాగితం భూమ్మీద ఇదొక్కటే అయి ఉంటుంది.

"దీన్ని బట్టి నేను రాసిస్తానమ్మా. సూరమ్మగారికి చెప్పేవా?"

"ఇంకా లేదండి."

ఆయన రిజిస్టరు మూయకుండా వేలు పేజీ మీదే ఉంచారు. జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకుందామని ఈ ఆరేళ్ళలో మూడుసార్లు తనే అడిగానని, ఎవరికండీ అని ఆవిడ ఎదురు అడిగిందని చెప్పారు. కోపంతో అంటోందనుకున్నాను, ఇప్పుడు ఆలోచిస్తే అది కోపం కాదేమో అన్నారు. ముందు ఆవిడతో మాట్లాడి రా, కాగితం ఎక్కడికీ పోదు అని పంపించారు.

ఎండ చల్లబడుతుండగా బ్లెస్సీ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, నిలబడే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని భయం. ఆఫీసులో చూసిన జాబితా, ఏడో పేరు, పక్కన పెట్టిన డబ్బు, డిసెంబరు గడువు. ఆ రోజు తను చెరిపేసిన పేరు. రాయమని నువ్వు రెండుసార్లు చెప్పావు, నేను వినలేదు, కంపెనీది కాదు తప్పు నాది అని, మాట తడబడకుండా చెప్పగలిగింది. సూరమ్మ చాకు ఆపలేదు. ఈనె ఒక పక్కకీ ఆకు ఒక పక్కకీ పడుతూనే ఉన్నాయి.

"ఏ తారీకు రాసేరమ్మా?"

"డిసెంబరు పదకొండు పెద్దమ్మా."

"ఊరి పేరుందా?"

"ఊరు లేదు. ఇండియా అని ఉంది."

"ఇండియాలో గంగరాజులు ఎంతమంది ఉండరు."

బ్లెస్సీకి ఆ మాట వెంటనే అందలేదు. రిగ్గరు అని ఉంది పెద్దమ్మా అంది. రిగ్గర్లు కూడా బోలెడుమంది ఉంటారని పెద్దమ్మ అంది. చేరింది రెండువేల ఎనిమిది అని ఉంది అంటే, ఆ ఏడు మనవైపు నించే యాభై మంది వెళ్ళారు కదా అంది. ఉద్యోగి నంబరు చెప్పమంది. బ్లెస్సీ చెప్పింది. ఇరవైవేల ఏడువందల నలభై ఆరు. ఇంట్లో ఆ నంబరు దేని మీదా లేదని ఇద్దరికీ తెలుసు. అయినా సూరమ్మ చాకు కింద పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, కళ్ళు మూసుకుంది.

"జీతం డబ్బులు పంపినప్పుడు ఆ నంబరు ఫోన్లో చెప్పేవారు. ఆఖర్న నలభై ఆరు. బ్యాంకోళ్ళు ఎప్పుడైనా అడిగితే చెప్పమనేవారు. ఎవళ్ళూ అడగలేదు."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళుతూ పలకరించారు. ఆవిడ బదులు కూడా చెప్పింది. తరవాత ముందున్న ఈనెలన్నీ కట్ట కట్టింది. మాట్లాడినప్పుడు గొంతులో కోపం ఏమీ లేదు, అదే బ్లెస్సీకి భరించడం కష్టమైంది.

"నువ్వే కదమ్మా చదివేవు. ఆ పేరుతో ఎవరూ లేరు, ఎవరూ చచ్చిపోలేదు అని. బుల్లబ్బాయి ఫోను చేసిన కాడ్నించీ నాకు ముద్ద దిగలేదు. నువ్వు ఆ ఉత్తరం చదివిన పూట కడుపునిండా అన్నం తిన్నాను. నీకు కోడిపెట్టనిచ్చేను, గుర్తుందా? మీయమ్మ అర్జీ రాసినందుకనుకుంది. అర్జీకి కాదు. ఆ ఉత్తరం చదివినందుకు."

బ్లెస్సీ ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది. పౌరుషం అని పేట అనుకున్నది ఏమిటో ఇప్పుడు తెలిసింది. గాజులు, పింఛను కాగితం, ఎవరికండీ అన్న ప్రశ్న. పడిపోయింది ఇంకెవరో. ఆయన వేరే కంపెనీకి మారిపోయారు, కరోనాలో చిక్కుకున్నారు, పాస్‌పోర్టు లాక్కున్నారు, ఫోను పోయింది, ఏ జైల్లోనో ఉన్నారు, శిక్ష అయ్యాక పంపిస్తారు. పెద్దమ్మ అవన్నీ ఒక్కొక్కటే చెప్పింది, ఏ ఏడు ఏది అనుకుందో కూడా చెప్పింది. మొన్న వేసవిలో మస్కట్ నించి ఎవరినో వదిలేశారని విని తలుపు గడియ వెయ్యడం మానేసిందట.

"నన్ను క్షమించు పెద్దమ్మా. ఆ పేరు నేను చెరపకుండా ఉండాల్సింది."

"నువ్వు చెరపకపోతే ఆయన ఆరేళ్ళ కిందటే పోయేవారమ్మా."

అని, ఆవిడ బ్లెస్సీ తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఆకు పసరు వాసన వేస్తోంది. బ్లెస్సీ ఆ చెయ్యి కింద కదలకుండా ఉండిపోయింది. ఇన్ని అంకెలకి చోటు చూపించిన మనిషికి, ఈ మాటని తన లోపల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చీకటి పడబోతుండగా సూరమ్మ ఒకే ఒక్కటి అడిగింది. తను ఏ కాగితం మీదా సంతకం పెట్టకపోతే ఏమవుతుందని. డబ్బు కంపెనీ లాభంలో కలిసిపోతుందని బ్లెస్సీ చెప్పింది. డబ్బు సంగతి కాదు, ఆయన సంగతి అంది.

"జాబితాలోంచి తీసేస్తారు పెద్దమ్మా. వచ్చే ఏడు లెక్కల్లో ఆ పేరుండదు."

"అక్కడ కూడా ఉండరా?"

"ఉండరు."

సరే వెళ్ళి పడుకో అని పెద్దమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ వేసిన చప్పుడు గోడ అవతలికి కూడా వినిపించింది.

శుక్రవారం పొద్దున్న ఎనిమిది గంటల బస్సుకి బ్లెస్సీ తయారవుతుండగా చర్చి గంట మోగింది. ప్రార్థనకి కొట్టే వరస కాదు. ఒక దెబ్బ, అది పూర్తిగా చల్లారాక ఇంకో దెబ్బ. వాళ్ళ పేటలో ఎవరైనా పోతే, వాళ్ళ వయసెంతో అన్ని దెబ్బలు కొడతారు. మనుషులు పళ్ళు తోముకుంటూ, పిల్లల జడలు సగంలో వదిలేసి గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరూ మంచంలో లేరే అని ఒకరినొకరు అడుగుతూ చర్చి వైపు నడిచారు. బ్లెస్సీ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

చర్చి మెట్ల మీద సూరమ్మ కూర్చుని ఉంది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అయ్యగారు స్వయంగా గంట తాడు పట్టుకున్నారు. తలుపు అవతల బల్ల మీద బాప్తిస్మం రిజిస్టరు నిన్న తెరిచిన పేజీలోనే ఉంది. ఎవరు పోయేరు సూరమ్మక్కా అని ముందుగా వచ్చిన నూకాలమ్మ అడిగింది.

"మా ఆయనండి," అంది సూరమ్మ. నలుగురి ముందు భర్త పేరు ఆవిడ నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. ఇప్పుడు అందరికీ వినబడేలా చెప్పింది. "గంగరాజుగారు."

ఏ గంగరాజు అని వెనకనించి ఒక ముసలాయన అడిగాడు.

"మీరంతా దానం అనేవారండి."

నూకాలమ్మ వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుంది. తరవాత ఇంకో ఇద్దరు కూర్చున్నారు. ఆరేళ్ళ కిందట ఏడవడానికి వచ్చి, ఎవరికోసం ఏడవాలో తెలియక వెనక్కి వెళ్ళిపోయిన ఆడవాళ్ళే వాళ్ళు. ఇప్పుడు ఒకరు మొదలుపెడితే అందరూ ఏడ్చారు.

బ్లెస్సీ అలవాటు చొప్పున దెబ్బలు లెక్కపెడుతోంది. పోయేనాటికి పెదనాన్నకి నలభై ఏడేళ్ళు. నలభై అయ్యాయి, నలభై అయిదు అయ్యాయి. నలభై ఏడో దెబ్బ చల్లారాక అంతా నిశ్శబ్దమవుతుందని అనుకుంది. అయ్యగారు తాడు వదల్లేదు. నలభై ఎనిమిది పడింది. పక్కనే ఉన్న రిజిస్టరులో వయసు ఉంది, పోయిన తారీకు తనే చెప్పింది, ఆయనకి లెక్క తప్పే అవకాశం లేదు. బ్లెస్సీ సూరమ్మ వైపు చూసింది. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ తనూ లెక్కపెడుతోంది. ఎన్ని కొట్టమంటారని అయ్యగారు అడిగి ఉంటారు, ఎన్నో ఈవిడ చెప్పి ఉంటుంది. యాభై రెండు, యాభై మూడు. ఆ ఆరేళ్ళూ చేరాక ఆగింది.

గంట హోరు చెవుల్లోంచి పోయాక సూరమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించుకుని లేచింది. బ్లెస్సీని దగ్గరికి పిలిచి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంది.